ఇంటిలెక్క: గాలిలో ఎగిరే చిన్న కొట్టు

ఆవకాయలు, పిండివంటలు, నెల బడ్జెట్టు మాట్లాడుకునే ఈ శీర్షికలో విమానాల ఊసెందుకని అనుకుంటున్నారా? కారణం ఉందండీ. ఈ రోజుల్లో విమానం ఎక్కేది దొరలూ, మంత్రులూ మాత్రమే కాదు. కూతురి పురిటికి బెంగుళూరు పరుగెత్తే తల్లి, తిరుపతి మొక్కు తీర్చుకోవాలనుకునే ముసలి దంపతులు, వైద్యం కోసం హైదరాబాదు పోయే కుటుంబం, అందరూ ఎక్కుతున్నారు. మన ఊరికి విమానం వస్తుందా, వచ్చింది నిలుస్తుందా అన్నది కూడా ఇప్పుడు ఇంటి సంగతే.

2020లో వచ్చిన 'ఆకాశం నీ హద్దురా' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. దానికి ఆధారం కెప్టెన్ గోపీనాథ్ కథ. ఆయన 2003లో ఎయిర్ దక్కన్ పెట్టి చిన్న ఊళ్లకు చవగ్గా విమానాలు నడిపారు. ఆ ఏడాదే హైదరాబాదు నుంచి విజయవాడకు మొదటిసారి బయలుదేరబోతున్న విమానం ఇంజనులో మంటలొచ్చాయి. అయినా కంపెనీ తట్టుకుని నిలబడింది. సినిమా గెలుపుతో ముగుస్తుంది. అసలు కథ అలా ముగియలేదు. 2007లో కింగ్‌ఫిషర్ అందులో వాటా కొంది, తర్వాత తనలో కలిపేసుకుంది. 2012లో ఆ కింగ్‌ఫిషరే ఆగిపోయింది.

మన తెలుగునేల మీద పుట్టినవాటి సంగతీ ఇంతే. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో ఎయిర్ కోస్టా మొదలైంది. 2014లో ఏకంగా 50 కొత్త విమానాలకు ఆర్డరు పెట్టింది. 2017 ఫిబ్రవరి ఆఖరుకల్లా ఎగరడం మానేసింది. హైదరాబాదు కేంద్రంగా 2015 జూలైలో ట్రూజెట్ వచ్చింది. కడప, నాందేడ్ లాంటి ఊళ్లను హైదరాబాదుతో కలిపింది. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగింది.

ఎక్కేవాళ్లు లేకే మూతపడ్డాయి అనేస్తాం మనం. అంత తేలిక కాదు. ఎక్కేవాళ్లుండి కూడా చిన్న కంపెనీ ఎలా చితికిపోతుందో, వంటింటి లెక్కతోనే చూద్దాం.

పొద్దున్న పాలవాడు గంట ఆలస్యంగా వచ్చాడనుకోండి. కాఫీ, టిఫిను, పిల్లల క్యారేజీ, ఆయన ఆఫీసు, అన్నీ ఆలస్యమే కదా! విమానమూ అంతే. ఒకే విమానం రోజంతా ఊరి నుంచి ఊరికి తిరుగుతూనే ఉంటుంది. పొద్దున్న మరమ్మతుకని రెండు గంటలు ఆగితే రాత్రి దాకా ప్రయాణికులందరూ ఎదురుచూడాల్సిందే. ఆర్టీసీ డిపోలో స్పేర్ బస్సు ఉన్నట్టు పెద్ద కంపెనీకి ఇంకో విమానం ఉంటుంది. వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని విమానాలున్నవాడు దేన్ని తెస్తాడు? ఒకటి మూలపడితే సంపాదనలో మూడోవంతో, నాలుగోవంతో పోయినట్టే. పైగా అద్దె మాత్రం ఆగదు.

అవును, అద్దే! చిన్న కంపెనీలు నడిపే విమానాలు చాలామటుకు సొంతం కావు. విదేశీ కంపెనీల దగ్గర అద్దెకు తెస్తారు. ఆ అద్దె డాలర్లలో కట్టాలి. టికెట్టు డబ్బేమో రూపాయల్లో వస్తుంది. రూపాయి పడిపోయిన ప్రతిసారీ, ఒక్క సీటు ఖాళీ లేకపోయినా, ఖర్చు పెరుగుతుంది. ఇంధనం మరీ ఘోరం. పెట్రోలులాగే విమాన ఇంధనాన్ని కూడా జీఎస్టీలో కలపలేదు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పన్ను. ఇవన్నీ పెద్దవాళ్లకూ ఉన్నాయిగా అంటారేమో. ఉన్నాయి. కానీ బస్తా కొనేవాడికి చెప్పే ధర, అరకిలో కొనేవాడికి చెబుతారా? ఇండిగో 2023లో ఒకేసారి 500 విమానాలకు ఆర్డరిచ్చింది. అలాంటి బేరం ముందు నాలుగు విమానాలవాడి మాటకు విలువేముంటుంది చెప్పండి!

ఇక ధరల పోటీ. సూపర్ మార్కెట్టువాళ్లు పంచదార కొన్నధర కంటే తక్కువకు అమ్మి, ఆ నష్టాన్ని సబ్బుల్లో, బిస్కెట్లలో రాబట్టుకుంటారు. వీధి చివర కొట్టు సుబ్బయ్యగారు అలా చేయగలరా? పెద్ద విమాన కంపెనీ కూడా ఒక్క దారిలో టికెట్టు తగ్గిస్తే, ఆ నష్టం మిగతా వందల దారుల్లో కలిసిపోతుంది. చిన్నవాడికి ఉన్నవే ఆ నాలుగు దారులు. ఆర్నెల్లు నష్టానికి నడిపితే జీతాలకు, అద్దెకు అప్పు చేయాలి. పెద్దవాళ్లు తప్పు చేస్తున్నారని కాదు, ఎక్కువ రోజులు ఓర్చుకోగల శక్తి వాళ్లకుంది.

మరి చిన్నవాడికి ఏ బలమూ లేదా? ఉంది. నలుగురికి అన్నం వండడానికి పెళ్లి గుండిగ పొయ్యి మీద పెట్టం కదా! ఊళ్లో రోజుకు 60 మంది ప్రయాణికులుంటే 180 సీట్ల విమానంలో మూడోవంతే నిండుతుంది. 70 పైచిలుకు సీట్ల ఏటీఆర్ విమానం దాదాపు నిండిపోతుంది. చిన్న గిన్నెలో చిన్న వంట, అదే వాళ్ల నేర్పు. పెద్దవాళ్లూ ఇది గమనించారు. 2017 డిసెంబరులో ఇండిగో కూడా హైదరాబాదు నుంచి ఏటీఆర్‌లు నడపడం మొదలుపెట్టింది.

ప్రభుత్వమూ ఊరికే కూర్చోలేదు. 2017 ఏప్రిల్లో ఉడాన్ పథకం కింద విమానాలు ఎగరడం మొదలైంది. గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకే ఇవ్వాలని, లోటును ప్రభుత్వం మూడేళ్లపాటు భర్తీ చేస్తుందని అప్పట్లో పెట్టారు. మంచి ఆలోచనే. అయితే 2023లో బయటికొచ్చిన కాగ్ నివేదిక అంకెలు చూడండి. పరిశీలించిన 774 దారుల్లో మొదలైనవి 371. మూడేళ్లు పూర్తి చేసుకున్నవి 112. ఆ తర్వాత కూడా నిలిచినవి 54. కొళాయి కట్టేస్తే ఎండిపోయే మొక్కలన్నమాట!

పోతే పోనీ, పెద్దవి ఉన్నాయిగా అనుకుందామా? 2025 డిసెంబరు మొదటివారం గుర్తు తెచ్చుకోండి. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారాయి, ఇండిగో దానికి తగ్గట్టు సర్దుకోలేకపోయింది. ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లు, ఆసుపత్రులకు వెళ్లేవాళ్లు ఎయిర్‌పోర్టుల్లో నేల మీద పడుకున్నారు. మిగిలిన కంపెనీల టికెట్లు కొండెక్కాయి. చివరికి 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 7,500 రూపాయలు దాటకూడదని ప్రభుత్వం హద్దు గీయాల్సి వచ్చింది. ఊరంతా ఒకే బావి నీళ్లు తాగితే, ఆ బావి ఎండిన రోజున ఏమవుతుందో అదే అయింది. చిన్న కొట్లు బతికుంటేనే పెద్దకొట్టు ధర అదుపులో ఉంటుందని మనకు తెలియనిది కాదు.

అందుకే నా మాట ఇది. చిన్న కంపెనీ హైదరాబాదు–ఢిల్లీ లాంటి దారుల్లో పెద్దవాళ్లతో పందెం వేయకూడదు. పెద్ద విమానం నిండని ఊళ్లను పట్టుకోవాలి. 2019లో మొదలైన స్టార్ ఎయిర్, 2024లో గోవా నుంచి మొదలైన ఫ్లై91 ఆ దారే పట్టాయి. ప్రభుత్వం కూడా మూడేళ్లకు ఒక్కసారిగా చెయ్యి వదలకుండా, నడక నేర్చే బిడ్డను వదిలినట్టు మెల్లమెల్లగా వదలాలి.

మరి మనం? రెండు వందల తేడా కోసం మన ఊరి విమానాన్ని వదిలేసి, అది ఆగిపోయాక వగచి లాభం లేదు. అలాగని గుడ్డిగా నమ్మమనీ చెప్పను. చిన్న కంపెనీ టికెట్టు ఆర్నెల్ల ముందు కాదు, నెలలోపు కొనండి. కార్డు మీద కడితే, తేడా వచ్చినప్పుడు బ్యాంకుకు ఫిర్యాదు చేసే దారి ఉంటుంది. కంపెనీయే విమానం రద్దు చేస్తే, వేరే విమానమో, కట్టిన డబ్బో అడిగే హక్కు మీకుంది, మొహమాటపడకండి. కంపెనీయే దివాలా తీస్తే మాత్రం కష్టమే. 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు టికెట్టు కొన్నవాళ్లు అప్పులవాళ్ల వరుసలో నిలబడాల్సి వచ్చింది. ఆసుపత్రి, పరీక్ష, పెళ్లి లాంటి తప్పనిసరి ప్రయాణమైతే రైలు టికెట్టు కూడా ఒకటి చేతిలో ఉంచుకోండి.

వచ్చేవారం వేసవి వడియాల ఖర్చు లెక్క చూద్దాం. అందాకా సెలవు.