బెరడు కింద నీరు

2024 మార్చిలో పాపికొండల నేషనల్ పార్కులో అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది చెట్టు బెరడుకు గాటు పెడితే నీళ్లు ధారకట్టాయి. ఈ చెట్టులో నీరుంటుందని అక్కడి గిరిజనులు కొండరెడ్లు చెప్పిన మాట నిజమో కాదో చూడటానికే ఆ గాటు. మొసలి వీపులా పగుళ్లు తేలిన ఆ బెరడును చూస్తే లోపల చెమ్మ ఉందని ఎవరనుకుంటారు? ఆ నీటికి వాసన ఘాటు, రుచి పులుపు. ఆ ధార వీడియో చూసినవాళ్లు అద్భుతమన్నారు. అడవికి అది ఏటా ఉండే ఏర్పాటే.

పైమట్టి ఎండేకొద్దీ టేకు ఆకు రాల్చి నీటి ఖర్చు తగ్గించుకుంటుంది. మోదుగైతే మోడు కొమ్మలకే పూస్తుంది. చాలా చెట్లు తొలకరి దాకా ఆగకుండా నడివేసవిలోనే చిగురిస్తాయి. కాండంలో దాచిన నీరు, లోతు వేళ్లు తోడే తేమ వాటికి ఆధారం. సరిగ్గా అప్పుడే తునికి చిగుళ్ల కోసమనో, ఇప్పపువ్వు ఏరడానికనో రాలిన ఆకుకు నిప్పు పెడతారు. నేల చెమ్మకు ఉన్న కప్పు కాస్తా పోతుంది. జూలైలో మొక్కలు నాటే హడావుడిలో సగమైనా ఫిబ్రవరికల్లా మంటలు పాకకుండా ఆపే ఫైర్ లైన్లు శుభ్రం చేయడంలో ఉండాలి. నల్లమద్దులకు గాట్లు పెట్టి రీల్స్ తీసేవాళ్లనూ ఆపాలి. గాటు పడ్డచోట చీడ చేరుతుంది.