తిరగని బీగానికి జరిమానా డ్రైవరు కట్టాలా?

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. నేను బడిలో చదివింది తమిళ మీడియం. తెలుగు రాత ఇంట్లో మా నాయన పలక మీద దిద్దించిందే. అక్షరదోషాలుంటే సర్దుకోండి. విషయంలో దోషముంటే మాత్రం నిలదీయండి.

విషయం మన సంఘం వ్యాను. కరగకు ముందురోజు సాయంత్రం దాని బీగం తిరగలేదు, బీగంచెవి లోపలే విరిగింది, గ్యారేజీలో లాక్ సెట్టు మొత్తం మార్చారు, బిల్లు 11,500 రూపాయలు అయింది. ఇంతవరకు అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. అందులో 6,000 రూపాయలు డ్రైవరు జీతంలో నెలకు 2,000 చొప్పున కోయాలని కమిటీ తీర్మానించింది. మొదటి కంతు కోసేశారు కూడా. నేనూ ఆ మీటింగులో ఉన్నాను. నోరు మూసుకుని కూర్చున్నాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కమిటీ వాదన ఒక్కటే: డ్రైవరు మొరటుగా తిప్పాడు, విరిగింది. సరే. అసలు బీగం ఎందుకు తిరగలేదని ఒక్కరైనా అడిగారా?

మన నగర్తపేట సందుల్లో బండి నిలపడం ఎట్లాగో మీకు చెప్పాలా? ఎదురుగా సరుకు ఆటో, వెనకాల బట్టల మూటల తోపుడు బండి. స్టీరింగు పూర్తిగా తిప్పి, ముందు చక్రాన్ని ఫుట్‌పాత్ రాయికి ఆనించి నిలుపుతాం. బీగంచెవి తీయగానే స్టీరింగు లాక్ అవుతుంది. అంటే లోపల ఒక ఇనుప గూటం స్టీరింగు కడ్డీలోని గాడిలో పడుతుంది. చక్రం రాయికి ఒత్తుకుని ఉంటే ఆ ఒత్తిడి కడ్డీ మీదికి వస్తుంది, కడ్డీ గూటాన్ని పక్కనుంచి నొక్కి పట్టుకుంటుంది. గూటం వెనక్కి రాదు. అది రాకపోతే బీగం తిరగదు. ఇది బీగం చెడిపోవడం కాదు. దొంగతనం జరక్కుండా పెట్టిన ఏర్పాటు. స్టీరింగును రెండు పక్కలా మెల్లగా కదిలిస్తూ, అదే సమయంలో చెవిని మెల్లగా తిప్పితే చాలాసార్లు అర నిమిషంలో వచ్చేస్తుంది. రెండు చేతుల పని అది, బలం పని కాదు.

నేను సదరన్ రైల్వేలో చేరి సౌత్ వెస్టర్న్‌లో రిటైరైన గుమాస్తాను, మెకానిక్‌ను కాను. కానీ చిన్న స్టేషన్లలో కూర్చున్న రోజుల్లో టోకెన్ మిషన్లు చూశాను. సింగిల్ లైను సెక్షన్లో ఒక టోకెన్ గుండు బయట ఉందంటే రెండోది మిషన్ ఇవ్వదు. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చి లాగినా ఇవ్వదు. ఎదురు స్టేషను మాస్టరు సహకరించాలి, మొదటి గుండు మిషన్లో పడాలి. మిషన్ ఇవ్వలేదంటే దాన్ని తన్నకూడదు, లైనులో ఏముందో కనుక్కోవాలి. బీగమూ అంతే. తిరగనంటే ఏదో అడ్డముందని అర్థం.

ఆ సాయంత్రం ఏం జరిగింది? ధర్మరాయస్వామి గుడి దారి ఖాళీ చేయాలని పోలీసులు తొందర చేస్తున్నారు. చుట్టూ మనవాళ్లే ఓ పదిమంది, ఒక్కొక్కరిది ఒక్కో సలహా. "గట్టిగా తిప్పరా, అన్నం తినలేదా?" అని అరిచింది మన కమిటీలో పెద్దాయనే. పేరు రాయను, ఆయనకు తెలుసు. అబ్బాయి గట్టిగా తిప్పాడు, విరిగింది. స్టీరింగు లాకై ఉంది కాబట్టి నేరుగా తోయడానికీ కుదరలేదు. కుర్రాళ్లు ముందు భాగం ఎత్తి ఎత్తి పక్కకు జరిపారు. తిప్పమని అరిచినవారికి జరిమానా లేదు, తిప్పినవాడికి ఉంది. ఇదేం న్యాయమయ్యా?

ఇంకో సంగతి. చెవి బిగుసుగా ఉందని ఆ అబ్బాయి సంక్రాంతి నుంచీ చెబుతున్నాడు. మనం ఏం చేశాం? చేసింది నేనే, ఒప్పుకుంటున్నాను: బీగం కన్నంలో కొబ్బరినూనె పోశాను. ఇంట్లో తలుపు గొళ్లేనికి పోసినట్టు పోశాను. కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, మన బెంగళూరు చలికాలపు పొద్దున సంగతి మీకు తెలుసు. ఎండ వచ్చి కరిగినా ఏ నూనె అయినా దుమ్మును పట్టి జిగురవుతుంది. బీగానికి వేయాల్సింది గ్రాఫైట్ పొడి, అదీ చిటికెడు. నాకది అప్పుడు తెలియదు.

గ్యారేజీ నుంచి పాత బీగం అడిగి తెచ్చుకున్నాను. పేటలో ఫుట్‌పాత్ మీద చెవులు చేసే ఆయన ఒకరున్నారు, ఆయన ముందు పెట్టాను. విరిగిన ముక్క తీసి, సిలిండర్ విప్పి, పేపరు మీద పరిచి చూపించారు. లోపల వరసగా సన్నని రేకులు, ఒక్కోదాని వెనక చిన్న స్ప్రింగు. సరైన చెవి పెడితే రేకులన్నీ సమంగా లోపలికి ఒదిగి సిలిండర్ తిరుగుతుంది. ఒక్కటి పైకి పొడుచుకున్నా తిరగదు. మన రేకుల్లో విరిగింది ఒక్కటీ లేదు. రెండు మాత్రం నూనె జిగురుతో అతుక్కుపోయాయి.

ఇక చెవి సంగతి. డ్రైవరు చేతికి మనమిచ్చింది డూప్లికేటుకు డూప్లికేటు. అరిగిన చెవిని చూసి ఇంకో చెవి కోస్తే ఆ అరుగుదల కూడా అచ్చుదిగుతుంది. రెండోసారి కోస్తే ఇంకొంచెం తేడా. అసలు చెవి ఎక్కడుంది? మన ఆఫీసు బీరువాలో, కొన్ననాటి కవరులో, కోడ్ నంబరున్న రేకు ముక్కతో సహా భద్రంగా ఉంది. ఆ కోడ్‌తో కొత్తది కోయిస్తే అరుగుదల లేని చెవి వస్తుంది. సిలిండర్ కడిగి, మళ్లీ అమర్చి, ఆ అసలు చెవి పెట్టాం. వేలితో తిరిగింది! 11,500 రూపాయలు ఎందుకు ఖర్చుపెట్టామో నాకైతే ఇప్పుడు అర్థం కావడం లేదు. బీగం సిలిండర్ వేరు, దాని వెనక కరెంటు స్విచ్చి వేరు. చెవి తిరగకపోతే తప్పు బీగం దగ్గర వెతకాలి. తిరిగీ ఇంజను రాకపోతే అప్పుడు బ్యాటరీ, స్టార్టరు చూడాలి. ఏది చెడిందని అడగకుండా "మొత్తం మార్చండి" అన్నది మన కమిటీయే.

ఆ చెవికి మనం తగిలించిన గుత్తి గుర్తుందా? ఆఫీసు చెవి, హాలు చెవులు నాలుగు, స్వామివారి ఇత్తడి బిళ్ల. అంత బరువు ఊగుతుంటే బీగం అరగదా? అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 2014లో సుమారు 26 లక్షల కార్లు వెనక్కి పిలిపించింది. అక్కడి లోపం వేరే, ఇగ్నిషన్ స్విచ్చి మరీ వదులు. గుత్తి బరువుకో కుదుపుకో చెవి జారి, నడుస్తున్న ఇంజను ఆగి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకుండా పోయేవి. 124 మంది చనిపోయారని పరిహార నిధి తేల్చింది. ఆ కంపెనీ కూడా ముందు ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. నడిపేవాళ్ల మాట వినకపోవడం మనకొక్కరికే ఉన్న జబ్బు కాదని చెప్పడానికే ఇది రాశాను.

"బాధ్యత లేకపోతే డ్రైవర్లు లెక్కచేయరు" అని కోశాధికారిగారు అన్నారు. బాధ్యత ఉండాలి, నేను కాదనను. కానీ చెడిపోతోందని ముందే చెప్పినవాడు బాధ్యత లేనివాడా? విని ఊరుకున్న మనమా? రైల్వేలో గుమాస్తా లోపాన్ని రిజిస్టర్లో రాశాక కూడా పైవాళ్లు బాగుచేయించకపోతే, జవాబు చెప్పుకోవాల్సింది పైవాళ్లే.

కాబట్టి నేను అడిగేది ఇది. తీర్మానం రద్దు చేయండి. కోసిన 2,000 ఈ నెల జీతంతో తిరిగి ఇవ్వండి. నూనె పోసింది నేను కాబట్టి ఖర్చులో నా వంతు 2,000 నేను కడతాను, రసీదు ఇస్తే చాలు. మిగతాది సంఘం భరించాలి. ఇకమీద కొత్త సెట్టుకు వచ్చిన చెవి ఒకటి డ్రైవరు దగ్గర, గుత్తి లేకుండా, ఒంటరిగా ఉండాలి. బండి సమస్యలు రాయడానికి వ్యానులో ఒక నోటుపుస్తకం పెట్టాలి, నెలకోసారి కార్యదర్శి చదివి సంతకం చేయాలి.

ఆదివారం మీటింగుకు పాత బీగం, అసలు చెవి, విరిగిన చెవి అన్నీ తెస్తాను. నా మాట నమ్మకపోయినా ఫరవాలేదు. మీ చేత్తో తిప్పి చూసి, ఆ తర్వాత చేయెత్తండి.