ఐదు తూటాలు చాలవా? చిన్న పిస్టల్, పెద్ద మ్యాగజైన్ వెనుక ఉన్న లెక్క

మొన్న శుక్రవారం జుమా నమాజ్ అయ్యాక ఇందుకూరుపేట సెంటర్‌లో టీ తాగుతుంటే, తెలిసిన కుర్రాడొకడు ఫోన్ నా ముందు పెట్టాడు. "భాయ్, ఇది చూడు. పది బుల్లెట్ల పిస్టల్‌కి పదిహేను పట్టేట్టు చేస్తున్నాడు. మనకి ఇక్కడ దొరకదా?" వీడియో అమెరికాది. అందులో ఉన్నది .22 రిమ్‌ఫైర్ పిస్టల్. కుర్రాడికి చెడు ఉద్దేశమేమీ లేదు. వాళ్ల ఇంట్లో రాత్రిపూట రొయ్యల గుంటల దగ్గర కాపలా పడుకుంటారు, దొంగల భయం ఉంది. "చిన్న తుపాకీయే కదా" అన్నది వాడి మాట. జవాబు మాత్రం అంత చిన్నది కాదు.

ముందు ఈ 'చిన్నది' అనే మాట చూద్దాం. రిమ్‌ఫైర్ తూటాలో మందు అంటించే రసాయనం అడుగు అంచులో ఉంటుంది. పిన్ను ఆ అంచు మీద కొడితే పేలుతుంది. ధర తక్కువ, చప్పుడు తక్కువ, వెనక్కి తన్నేదీ తక్కువే. అందుకే షూటింగ్ నేర్చుకునేవాళ్లకు ఇదే ఇస్తారు. అలాగని ఇది బొమ్మ కాదు. 1968 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో రాబర్ట్ కెనడీని చంపింది ఎనిమిది తూటాల .22 రివాల్వరే. ఆ రోజు ఇంకో ఐదుగురు గాయపడ్డారు.

మరి ఇలాంటి పిస్టల్‌ను సక్రమంగా వాడేవాళ్లకు ఎన్ని తూటాలు కావాలి? దీనికి జవాబు మన తెలుగు నేల మీదే ఉంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. అందులో 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణం, అదే పోటీలో వ్యక్తిగత రజతం ఉన్నాయి. ఆ పోటీలో వాడేది .22 రిమ్‌ఫైర్ పిస్టలే. అర్హత రౌండ్‌లో మొత్తం 60 షాట్లు. కానీ మ్యాగజైన్‌లో ఒకసారికి వేసుకునేది ఐదే. ఐదు కాల్చాలి, ఆగాలి, మళ్లీ ఐదు నింపుకోవాలి. ఆసియా పతకానికి ఐదు సరిపోయినప్పుడు, పదిహేను ఎవరికి కావాలి, ఎందుకు కావాలి అని అడగాల్సి వస్తుంది.

ఈ ప్రశ్నను పట్టించుకోకపోతే ఏమవుతుందో న్యూజిలాండ్ చూసింది. 2019 మార్చి 15, అది కూడా జుమా రోజే. క్రైస్ట్‌చర్చ్‌లోని అల్ నూర్, లిన్‌వుడ్ మసీదుల్లో ఒకే ఒక్కడు 51 మందిని షహీద్ చేశాడు. వాళ్లలో హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. ఆ హంతకుడి దగ్గర ఉన్నది మామూలు లైసెన్సు. అక్కడి పాత చట్టం ప్రకారం ఆ లైసెన్సు మీద సెమీ ఆటోమేటిక్ రైఫిల్ పెట్టుకోవచ్చు, కానీ మ్యాగజైన్‌లో ఏడు తూటాలు దాటకూడదు. .22 రిమ్‌ఫైర్‌కైతే 15 వరకు. ఏడు దాటే మ్యాగజైన్ తగిలిస్తే అదే తుపాకీ ప్రత్యేక అనుమతి ఉండాల్సిన వర్గంలోకి వెళ్తుంది. అయితే పెద్ద మ్యాగజైన్‌ను విడిగా కొనడానికి ఎవరూ ఏ కాగితమూ అడగరు. వాడు తుపాకీ చట్టప్రకారమే కొన్నాడు, మ్యాగజైన్లు విడిగా కొన్నాడు, రెండూ కలిపాడు. చట్టంలో తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచి ఉంచారు. ఘటనపై విచారించిన రాయల్ కమిషన్ 2020 నివేదికలో ఈ లొసుగును బయటపెట్టింది.

నెల తిరగకుండానే, ఏప్రిల్ 10న, అక్కడి పార్లమెంటు 119-1 ఓట్లతో కొత్త చట్టం చేసింది. సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో చాలావాటిని, వాటితో పాటు పెద్ద మ్యాగజైన్లను, కొన్ని విడిభాగాలను నిషేధించింది. .22 రిమ్‌ఫైర్ రైఫిల్‌కు మినహాయింపు ఇచ్చింది గానీ, పరిమితిని 15 నుంచి 10కి దించింది. చిన్న తూటా అని లెక్క వదిలేయలేదు.

ఇక మన దేశం సంగతి. 1959 ఆయుధాల చట్టంలో 'తుపాకీ' నిర్వచనం కిందికి దాని విడిభాగాలు కూడా వస్తాయి. లైసెన్సు లేకుండా తయారు చేసినా, అమ్మినా, మార్పులు చేసినా నేరమే. 2019 సవరణకు ముందు దీనికి మూడు నుంచి ఏడేళ్ల శిక్ష ఉండేది. ఇప్పుడు కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఆన్‌లైన్‌లో విదేశం నుంచి తెప్పించుకోవాలన్నా దిగుమతి లైసెన్సు కావాలి. అదే సవరణ పెళ్లిళ్లలో సరదాగా, నిర్లక్ష్యంగా కాల్పులు జరిపినా రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అంటోంది. అంటే వీడియోలో పది నిమిషాల 'ప్రాజెక్టు' మన దగ్గర ఏడేళ్ల జీవితాన్ని మింగేయగలదు. పైగా మన కుర్రాడి మీద అలాంటి కేసు పడితే పేపర్లో హెడ్డింగ్ ఎలా వస్తుందో, ఆ ఇంట్లోవాళ్లు ఎన్నేళ్లు తల వంచుకుని తిరగాలో నేను వేరే చెప్పక్కర్లేదు.

మరి గుంటల దగ్గర భయం సంగతేంటి? అది నిజమైన భయమే, కొట్టిపారేయకూడదు. చట్టం కూడా కొట్టిపారేయలేదు. సెక్షన్ 13 ఆత్మరక్షణ కోసం పొడుగు గొట్టం తుపాకీకి, నిజమైన పంట రక్షణ కోసం మందు కూరే నాటు తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు పెట్టింది. కలెక్టర్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి, పోలీసు విచారణ జరుగుతుంది, ఆలస్యమూ అవుతుంది. అయినా దారి అదే. లైట్లు, కెమెరాలు, నలుగురు రైతులు కలిసి వంతులవారీగా కాపలా, వీటితో దొంగ చాలావరకు దూరంగానే ఉంటాడు. వీటికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

ఎన్ని తూటాలు పడతాయన్నది తుపాకీ పిచ్చోళ్లు మాట్లాడుకునే సాంకేతిక విషయంలా కనిపిస్తుంది. నిజానికి ఆపకుండా ఎంతసేపు కాల్చవచ్చో చెప్పేది ఆ అంకే. మళ్లీ నింపుకోవడానికి ఆగిన ఆ కొన్ని సెకన్లలోనే ఎవరో ఒకరు పారిపోగలరు, ఎవరో ఒకరు అడ్డుపడగలరు. లిన్‌వుడ్ మసీదులో కాల్పులు ఆగినప్పుడు ఒక నమాజీ, హంతకుడు పారేసిన ఖాళీ తుపాకీ తీసుకుని వాడి వెంటపడ్డాడు. ఆ ధైర్యం వల్ల అక్కడ కొందరు బతికారు.

కుర్రాడికి ఇదంతా చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే ఐదు చాలు అంటావు" అన్నాడు. పతకం కోసమైతే చాలు. గుంట కాపలాకు టార్చిలైటు, తోడుకు ఒక మనిషి ఉంటే ఇంకా మంచిది.