దాశరథి సినిమా పాటలు - మన విమర్శకుల తీర్పు

దాశరథి కృష్ణమాచార్య విషయంలో మన అభ్యుదయ విమర్శకులకు ఒక అలవాటు స్థిరపడిపోయింది. "అగ్నిధార" (1949), "రుద్రవీణ" (1950) రాసిన దాశరథి మనవాడు. సినిమాలకు పాటలు రాసిన దాశరథి మనవాడు కాడు. మొదటివాడు జైలుకు వెళ్ళిన వీరుడు, రెండవవాడు నిర్మాతలకు అమ్ముడుపోయిన భ్రష్టుడు. ఒక కవిని ఇలా నడిమికి కోసి, ఒక సగాన్ని నెత్తిన పెట్టుకొని, రెండో సగాన్ని చెత్తబుట్టలో పడవేయడం విమర్శ అనిపించుకుంటుందా? 2025 జులై 22తో ఆయన పుట్టి నూరేళ్ళు నిండాయి. ఇప్పటికైనా ఈ తీర్పును తిరగదోడవలసి ఉన్నది.

ముందు జైలు సంగతి. నిజాం ప్రభుత్వం ఆయనను బంధించిన చోట్లలో మా ఇందూరు ఖిల్లా ఒకటి. అక్కడ బొగ్గుతో గోడ మీద పద్యాలు రాయడం, సాటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి వాటిని నోటికి పట్టడం అందరికీ తెలిసినవే. "అగ్నిధార" ఆయనకే అంకితమైంది. తెలంగాణను రత్నాల వీణగా ఊహించిన ఆ ఒక్క పాదం నేడు గోడల మీదికీ, సభావేదికల మీదికీ అలంకారమైపోయింది. అదే కవి 1955లో "మహాంధ్రోదయం" ప్రకటించారని ఆ వేదికల మీద వినపడదు. ఒక్క పాదంలో ఒక మనిషిని మూసిపెట్టడం ప్రభుత్వాలకు సౌకర్యమే. మనకేమి సౌకర్యం?

ఇక సినిమా. 1961లో "వాగ్దానం", "ఇద్దరు మిత్రులు" చిత్రాలతో ఆయన ఆ రంగంలో ప్రవేశించారు. "గాలిబ్ గీతాలు" వెలువడినదీ ఆ ఏడే. తనను జైల్లో పెట్టిన రాజు ఆస్థాన భాషను ఆయన రాజుతో కలిపి ద్వేషించలేదు. (ఉర్దూను ఒక మతానికి అంటగట్టే పెద్దమనుషులు ఈ జిల్లాలో తక్కువేమీ లేరు, వారికి ఈ పుస్తకం చూపవలె.) షేర్ అనేది రెండు పంక్తుల్లో భావం ముగించవలసిన రచన. వృత్తాలలో, దీర్ఘ సమాసాలలో గర్జించిన చేయి ఆ పొదుపును గాలిబ్ దగ్గర సాధన చేసిందని నా అభిప్రాయం. సినిమా బాణీ అడిగేదీ ఆ పొదుపునే.

"మూగమనసులు" (1964) చిత్రంలో గోదావరి గట్టునూ, చెట్టునూ, పిట్టనూ పాడే పాట ఆయనదే. మానుకోట వైపు చిన్నగూడూరులో పుట్టిన మనిషి గోదావరి జిల్లాల పల్లె నుడికారంలో, సమాసం జోలికి పోకుండా రాసిన పాట అది. మా నందిపేట్‌లో "అగ్నిధార" పద్యం పాఠం చెబితే సమాసాలు విప్పడానికే గంట సరిపోతుంది. ఈ పాట ఎత్తుకుంటే, బీడీలు చుట్టే తల్లుల బిడ్డలు తాత్పర్యం అడగరు. ప్రజలకు అర్థమయ్యే సాహిత్యం కావాలని సభ సభకూ తీర్మానాలు చేసే మనం, అర్థమైన పాటను చూసి ముఖం తిప్పుకోవడం ఏమి న్యాయం?

నిర్మాత పెట్టుబడి, వ్యాపారం అంటారు. నిజమే. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఉండేది. 2015 డిసెంబరులో మూతపడ్డది. దాని పేరు నిజాందే, మొదటి పెత్తనమూ ఆయన సర్కారుదే. అక్కడ చెరుకు ఆడించిన కార్మికుణ్ణి మనం ఎన్నడైనా నిజాం మనిషి అన్నామా? కూలి తీసుకొని పనిచేయడం వేరు, యజమాని పక్షం వహించడం వేరు. ఈ తేడా కార్మికుడి విషయంలో తెలిసిన మనకు కవి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరుపు వస్తుంది?

పైగా ఈ మరుపు అందరి పట్లా లేదు. శ్రీశ్రీ ఏళ్ళ తరబడి సినిమాలకు రాశారు. "అల్లూరి సీతారామరాజు" (1974) పాటకు జాతీయ పురస్కారం కూడా వచ్చింది. ఆ కారణంగా ఆయనను మనం వెలివేయలేదు, వేయకూడదు కూడా. పొరుగున తమిళంలో పట్టుక్కోట్టై కల్యాణసుందరం కమ్యూనిస్టు. "నాడోడి మన్నన్" (1958) వంటి చిత్రాలకు పాటలు రాసి, 1959లో ఇరవై తొమ్మిదేళ్ళకే కన్నుమూశారు. తమిళులు ఆయనను ప్రజాకవి అని పిలుచుకుంటారు. దాశరథి విద్యార్థి దశలో కమ్యూనిస్టు ఉద్యమంలో ఉండి తరువాత దూరమయ్యారు. మన అసలు కోపం అది. దానిని సినిమా మీదికి నెట్టడం నిజాయితీ కాదు.

ఆయన పాటలన్నీ గొప్పవని నేననడం లేదు. సన్నివేశం కోసం, బాణీ కోసం అల్లిన మామూలు ప్రేమగీతాలు చాలానే ఉన్నాయి. పాట పాటకూ తూకం వేద్దాం. గంపగుత్త తీర్పు మానుదాం.

నిలదీయవలసిన చోటు మరొకటున్నది, అక్కడ మాత్రం మన గొంతు పెగలదు. 1977లో ఆయన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆస్థానకవి అయ్యారు. అది ఏ ప్రభుత్వం? జలగం వెంగళరావు ప్రభుత్వం. 1974లో సికిందరాబాదు కుట్ర కేసులో వరవరరావు, చెరబండరాజు వంటి కవులను నిందితులుగా నిలబెట్టిన ప్రభుత్వం. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చాక రచయితలను జైళ్ళలో కుక్కిన ప్రభుత్వం. పద్యం రాసినందుకు ఖిల్లా గోడల మధ్య ఉన్న కవి, కవులను జైలుకు పంపిన ప్రభుత్వం చేతి శాలువాను ఎట్లా కప్పుకున్నారు? నిర్మాతకు పాట అమ్మితే ఆ పాట వరకే లెక్క. ఆస్థానకవి అనే మాటలో కవి పేరే ఆస్థానానికి జమ అవుతుంది. రాచరికం పోయి మూడు దశాబ్దాలు కాకముందే ఆ రాచరికపు బిరుదును నిజాం జైలు చూసిన మనిషికే తగిలించడంలో పాలకుల తెలివి కనబడుతున్నది. దానిని పసిగట్టలేకపోవడం దాశరథి లోపం.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవిని ఎత్తివేసింది. 2015 నుంచి తెలంగాణ ప్రభుత్వం దాశరథి పేరిటనే పురస్కారం ఇస్తూ వచ్చింది. దానిని అందుకున్న కవులను, ఆ ఏడు రాష్ట్రంలో ఎవరెవరు ఏ మాట అన్నందుకు జైళ్ళలో ఉన్నారో మనం ఒక్కసారైనా అడిగామా?