అలసటకి డబ్బా మందు!

ఈ మధ్య మన సాఫ్ట్‌వేరు జనాల్లో డాక్టర్లు ఎక్కువైపోయారు. ఎవరైనా "ఒంట్లో ఓపిక లేదు" అంటే చాలు, "నీది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ బాస్, యాంటీ ఆక్సిడెంట్లు మొదలెట్టు" అని తీర్పు. ఆ వెనకే ఒక లింకు, ఒక కూపన్ కోడు. ఇందులో చెప్పినవాడికి కమీషను ఉంటుందని మనకి తర్వాతెప్పుడో తెలుస్తుంది.

నా మాట సూటిగా చెప్పేస్తాను. ఈ డబ్బాల వ్యాపారం ఇద్దరికి అన్యాయం చేస్తోంది. నిజంగా ఆ జబ్బు ఉన్నవాళ్ళకి, లేనివాళ్ళకి కూడా.

ముందు జబ్బు సంగతి. ఇది రిలీజు అయ్యాక వచ్చే నీరసం కాదు. 2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పెట్టిన లెక్క ప్రకారం ఆరు నెలలకి పైగా పనిచేసే శక్తి బాగా పడిపోవాలి, ఎంత పడుకున్నా సేద తీరకూడదు, కాస్త శ్రమపడితే లక్షణాలన్నీ ముదరాలి. వీటికి తోడు బుర్ర మొద్దుబారడమో, నిలబడితే ఇబ్బంది పెరగడమో ఉండాలి. ఆ శ్రమ తర్వాత ముదరడమే అసలు గుర్తు. ఇవాళ నాలుగు బట్టలు ఉతికితే రేపూ ఎల్లుండీ మంచమే. ఇలాంటివాళ్ళని ఇంట్లోవాళ్ళు "బద్ధకం" అంటారు, మన వాట్సాప్ వైద్యులు "విటమిన్లు తక్కువ" అంటారు. రెండూ అవమానమే.

మరి యాంటీ ఆక్సిడెంట్ల కథ ఎక్కడ పుట్టింది? మన కణాల్లో మైటోకాండ్రియా ఏటీపీ అనే ఇంధనాన్ని తయారుచేస్తాయి. (1929లో కండరాల్లో ఈ ఏటీపీని కనుక్కున్నవాళ్ళలో మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, అది వేరే టపాకి సరిపడా కథ.) ఇంధనం మండేచోట ఫ్రీ రాడికల్సూ పుడతాయి. ఈ రోగుల్లో వాటి ఆనవాళ్ళు ఎక్కువ కనిపించాయని కొన్ని పరిశోధనలు చెప్పాయి. అంతే, "పొగ ఉంది కాబట్టి పొగని ఊదేస్తే మంట ఆరిపోతుంది" అని డబ్బా మీద రాసేశారు. పొగ కారణమా, ఫలితమా? అది తేలాలి కదా!

పరీక్షలు అసలు జరగలేదని నేను అనను. స్పెయిన్‌లో 2015లో 73 మంది మీద ఎనిమిది వారాల పాటు కోఎంజైమ్ క్యూ10, ఎన్ఏడీహెచ్ జోడీని పరీక్షించి చూస్తే అలసట స్కోరు కొంత తగ్గింది. మంచిదే, ఇంకా పెద్ద పరీక్షలు చెయ్యాలి. కానీ బ్రిటన్‌లో నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ జబ్బుకి విటమిన్లు, ఖనిజాలు మందుగా వాడమనడానికి తగినంత ఆధారం లేదని తేల్చింది.

"పోనీ, నష్టం ఏముంది?" అంటారు. ఉంది. ఫిన్లాండులో పొగతాగే 29 వేల మంది మగవాళ్ళ మీద చేసిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ మాత్ర మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల కేన్సరు తగ్గకపోగా 18 శాతం పెరిగింది. 2011లో విటమిన్ ఇ మాత్రలతో ప్రొస్టేట్ కేన్సరు 17 శాతం పెరిగినట్టు అమెరికా పరీక్ష చూపించింది. చేవెళ్ల కేరట్లు తినండి, ఎవరొద్దన్నారు? కేరట్ వేరు, కేరట్‌లోంచి ఒక్క ముక్క పీకి మోతాదు పెంచిన మాత్ర వేరు.

ఇక రెండో అన్యాయం. మాది షాబాద్. బండల షాబాద్ కాదు, అది కర్ణాటకలో ఉంది. మాది చేవెళ్ల పక్కది. ఇప్పుడు మా మండలంలోని చందనవెల్లికి డేటా సెంటర్లు వచ్చాయి, వాటితో పాటే ఈ డబ్బాలూ వచ్చాయి. అక్కడ అమ్మేది ఎవరో సేల్స్‌మాన్ కాదు, చుట్టాలే. మా చిన్నమ్మ పొద్దున్నే లేచి టమాటలు తెంపి మార్కెట్టుకి పంపే మనిషి. దమ్ము వస్తోందంటే, కాళ్ళు గుంజుతున్నాయంటే ఒకామె 2,800 రూపాయల డబ్బా అంటగట్టింది. "బలం మందు బిడ్డా, మంచిగైతదంట" అని ఆర్నెల్లు తాగింది. చివరికి రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8! ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలతో తేరుకుంది. ఆ ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది సుబ్బారావు గారి బృందమే. లోటు ఉన్నచోట లోటుని పూడ్చడం వైద్యం. లోటేమిటో చూడకుండా పొడి కలిపి తాగించడం వ్యాపారం.

మనదేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ దేశంలో అలసటకి మొదటి ప్రశ్న "ఏ బ్రాండు?" అవ్వాలా, "రక్తం చూపించావా?" అవ్వాలా?

మన భాషలో చెప్పాలంటే ఇది లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చెయ్యడం. కాసేపు నడుస్తుంది, బాగైపోయిందనుకుంటాం, బగ్ మాత్రం లోపలే ఉంటుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, షుగరు చూపించుకోండి. గురక ఉంటే నిద్ర సంగతి అడగండి. రాత్రి రెండింటి దాకా కాల్స్ ఉంటే మేనేజర్‌ని అడగండి, దానికి ఏ క్యాప్సూలూ లేదు :-) ఇవేవీ కాక నిజంగా ఆ జబ్బే అని డాక్టరు తేలిస్తే, ఉన్న శక్తిని పొదుపుగా వాడుకోవడం నేర్పేవాళ్ళు కావాలి, నమ్మే ఇంటివాళ్ళు కావాలి. బలవంతంగా వ్యాయామం చేయించడాన్ని కూడా నైస్ 2021లోనే వద్దంది.

ఇంకొక్క మాట. ఈసారి ఎవరైనా డబ్బా తెస్తే వెనక్కి తిప్పి చదవండి. మన ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం హెల్త్ సప్లిమెంటు మీద "వైద్యానికి వాడేది కాదు" అని రాసి తీరాలి. అమ్మేవాడు మందు అంటాడు, డబ్బా కాదంటుంది. నేనైతే డబ్బానే నమ్ముతాను. మీరేమంటారు?