నేనొక్కదాన్నే చూసుకుంటా!

మా అత్తమ్మకు డెబ్బై నాలుగేళ్లు. షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది, ఆరేళ్లుగా ఇన్సులిన్ మీద ఉంది. అందులో నాలుగేళ్లు ఆమెకు సూది వేసింది నేనొక్కదాన్నే. పొద్దున ఎన్ని యూనిట్లు, రాత్రి ఎన్ని, సూది వేశాక ఎంతసేపటికి అన్నం పెట్టాలి, ఏ గోలి తిన్నాక, ఏ గోలి తినకముందు, అంతా నా తలకాయలోనే ఉండేది. ఒక్క ముక్క కాగితం మీద లేదు. ఎవరైనా అడిగితే, "మీకెందుకు తిప్పలు, నేను చూసుకుంటా కదా" అనేదాన్ని. ఆ మాట అన్నప్పుడల్లా నాకు లోపల కొంచెం గొప్పగానే ఉండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

రెండేళ్ల కింద, వానాకాలంలో నాకు జ్వరం వచ్చింది. మూడు రోజులు జ్వరం గోలీలు మింగుతూ వంట చేశాను, బట్టలు ఆరేశాను, అత్తమ్మకు సూది వేశాను. "ముఖం అట్ల పీక్కపోయింది ఏంది?" అని మా ఆయన అడిగితే, "నిద్ర లేదు, అంతే" అన్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం బాత్రూం దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. ఖలీల్‌వాడిలో ఒక ఆస్పత్రికి తీసుకుపోతే డెంగీ అన్నారు, ప్లేట్‌లెట్లు తగ్గాయన్నారు, చేర్చుకున్నారు. మా ఆయన నా దగ్గర ఉండిపోయారు. కొడుకు హైదరాబాద్‌లో హాస్టల్లో. ఇంట్లో మిగిలింది ఇంటర్ చదివే మా బిడ్డ, అత్తమ్మ.

రాత్రి ఎనిమిదికి బిడ్డ ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ తీసింది. నాకు ఫోన్ చేస్తే నేను మత్తులో ఉన్నాను. "నానమ్మా, ఎంత ఏసుడు?" అని అడిగింది. "ఇరవై అనుకుంట బిడ్డా" అంది అత్తమ్మ. ఇరవై పొద్దున డోసు. రాత్రికి పన్నెండే. పైగా నా మీద బెంగతో అత్తమ్మ ఆ రాత్రి సగం రొట్టె కూడా తినలేదు. సూది వేశాక సరిగ్గా తినకపోతే ఏమవుతుందో ఆ ఇద్దరికీ తెలియదు. వాళ్లకు నేనెప్పుడూ చెప్పలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి బిడ్డ లేచి చూసేసరికి అత్తమ్మ ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, మాట ముద్దగా వస్తోంది. బిడ్డను పట్టుకుని ఎప్పుడో పోయిన వాళ్ల చెల్లె పేరు పెట్టి పిలుస్తోందట. పిల్ల భయపడి, గోడ అవతలి పెద్దమ్మను లేపింది. ఆమె వాళ్లాయనకు షుగర్ చూసిన మనిషి కాబట్టి చూడగానే గుర్తుపట్టింది. అత్తమ్మ ఇంకా మింగగలుగుతోందని చూసుకుని, నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించింది. పావుగంటకు అత్తమ్మ మనిషిలో పడింది. తర్వాత ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకుపోయారు. మా అత్తమ్మ బతికింది.

ఇది మీతో చెప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఎందుకంటే ఆ రోజు నుంచి మా బిడ్డ సిరంజి ముట్టుకోలేదు. "నేనే నానమ్మను చంపేదాన్ని మమ్మీ" అని ఒక్కసారి అంది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తప్పు పదహారేళ్ల పిల్లదా? కాదు. నాలుగేళ్లు అన్నీ నా గుప్పిట్లో పెట్టుకున్న నాది. బాధ్యత అనుకుంటూ నేను చేసిన పని, నేను లేని మొదటి రాత్రే ఇద్దరి మీద పడింది.

నన్ను చూడడానికి మా బాపు బోధన్ దగ్గరి మా ఊరి నుంచి వచ్చాడు. బాపు చెరకు రైతు. మంచం పక్కన కూర్చుని అంతా విని, చాలాసేపటికి ఒక్క మాట అన్నాడు. "ఒక్క పొగగొట్టం మీద ఊర్లకు ఊర్లు బతికినం బిడ్డా. అది ఆరిపోయినంకనే తెలిసింది."

బోధన్ చుట్టుపక్కల పుట్టినవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. మంజీర మీద నిజాంసాగర్ కట్టాక ఆ నీళ్లతో మా వైపు చెరకు పండింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మా పెద్దవాళ్లు గర్వంగా చెప్పుకునేవాళ్లు. 2002లో అది ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబర్‌లో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి, మూడు యూనిట్లకూ లే ఆఫ్ అన్నారు. అంతే, గానుగ ఆగిపోయింది.

చెరకు వడ్ల లాంటిది కాదు. వడ్లయితే ఆరబెట్టి, ధర వచ్చేదాకా ఇంట్లో పోసుకోవచ్చు. చెరకు నరికిన గంట నుంచే బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. ఒక రోజులోపల గానుగకు చేరాలంటారు. అందుకే చెరకు ఎవరూ ఒంటరిగా పండించలేరు. నరికే కూలీల గుంపు రావాలి, బండి దొరకాలి, ఫ్యాక్టరీ వాళ్లు మన వంతు ఎప్పుడో చెప్పాలి. నా చిన్నప్పుడు మా ఇంట్లో చెరకు కోతంటే పది ఇండ్ల పని. ఈ రోజు మనది, రేపు పక్కవాళ్లది. ఇంతమంది చేతులు కలిసిన పనికి చివర్లో ఉన్న గుమ్మం మాత్రం ఒక్కటే. ఆ గుమ్మం మూసుకున్నాక దూరపు ఫ్యాక్టరీలకు లారీ కిరాయి పెట్టుకుని తోలినవాళ్లు తోలారు, మా బాపు లాంటివాళ్లు వరికి, సోయాకు మళ్లారు. పనివాళ్ల కుటుంబాలు పడ్డ బాధ వేరే చెప్పాలి.

ఆ మూతకు కారణాలు చాలా ఉన్నాయి, వాటికి బాధ్యులు ఎవరన్నది పెద్ద చర్చ. నేను ఇక్కడ చెప్పేది ఇంటి సంగతి. మనలో చాలామంది ఇంటికి ఆ ఒక్క పొగగొట్టం అయి కూర్చున్నాం. గ్యాస్ బుకింగ్ మనకే తెలుసు, పిల్లల ఫీజు తేదీ మనకే తెలుసు, మామయ్య బీపీ గోలి పేరు మనకే తెలుసు, బంగారం రసీదు ఏ డబ్బాలో ఉందో మనకే తెలుసు. "ఆమె లేకుంటే ఇల్లు నడవదు" అని చుట్టాలు అంటే మురిసిపోతాం. ఒకసారి ఆగి ఆలోచించండి. ఒక మనిషి లేకుంటే నడవని ఇల్లు, ఆ మనిషికి గొప్పా, ఆ ఇంటికి ప్రమాదమా?

"పంచుకుంటే పని చెడుతుంది" అనేవాళ్లున్నారు. నిజమే, నేనూ అదే అనేదాన్ని. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత ఊరికే రాలేదు. అందరిదీ అంటే ఎవరిదీ కాదు. మా పెళ్లైన కొత్తలో మామయ్యకు బాగలేనప్పుడు ముగ్గురు కొడుకులూ "తమ్ముడు చూస్తాడులే, అన్న చూస్తాడులే" అనుకుని ఒక వారం మందులే తేలేదు. అందుకే కదా నేను, "ఎవరూ వద్దు, నేనొక్కదాన్నే" అనే దాకా వచ్చింది. కానీ ఇప్పుడు అర్థమవుతోంది, ఆ గొర్రె చచ్చింది నలుగురిది అయినందుకు కాదు. ఏ రోజు ఎవరు మేపాలో మాట అనుకోనందుకు.

ఈ సంగతి మన మహిళా సంఘాలకు ఎప్పుడో తెలుసు. సంఘంలో పది పన్నెండు మంది ఉంటే ఒకరు మొదటి లీడర్, ఒకరు రెండో లీడర్. బ్యాంకులో డబ్బులు తీయాలంటే ఒక్కరి సంతకం చాలదు. ఏం అనుకున్నా తీర్మానాల పుస్తకంలో రాస్తారు. ఎవరి మీదా నమ్మకం లేక కాదు, ఒకరు మంచాన పడ్డా సంఘం ఆగకూడదని. చదువు రాని అక్కలు కూడా సంఘంలో ఇంత పద్ధతిగా ఉంటే, డిగ్రీలో తెలుగు చదివిన నేను నా ఇంటికి రెండో సంతకం లేకుండా పెట్టుకున్నాను.

ఇది ఆడవాళ్ల జబ్బు మాత్రమే కాదు. మన జిల్లాలో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని ఊరు వెతికినా దొరకదు. కొంతమంది "నా తిప్పలు నేను పడుత" అని, ఇంట్లో సరిగ్గా చెప్పకుండా ఏజెంటు ఇచ్చిన విజిట్ వీసా మీద పోతారు. చట్టప్రకారం ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని పనికి పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు కట్టేది 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి పది లక్షలు. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరినవాళ్లకు ఆ రక్షణ ఉండదు. ఇంట్లోవాళ్ల కోసమే పోతారు, కానీ పాస్‌పోర్టు నకలు, కంపెనీ పేరు, ఉండే చోటు భార్య చేతిలో పెట్టరు. జరగరానిది జరిగితే ఆమె ఎవరిని అడగాలి? ఆమెను బాధ పెట్టొద్దనుకుని దాచింది, ఆమెకే ఉరి అవుతుంది.

ఇంకో మాట కూడా వస్తుంది. "అడిగితే మాత్రం ఎవరొస్తారు?" నిజంగానే ఎవరూ లేని అక్కలున్నారు, వాళ్ల సంగతి నాకు తెలుసు. నలుగురి మాట ఎప్పుడూ మంచికే ఉంటుందని కూడా నేను అనను. మన జిల్లా ఊర్లలోనే నలుగురు కూడి ఒక కుటుంబాన్ని వెలివేసిన వార్తలు చదివాం. కానీ నా విషయంలో నన్ను నేను అడిగితే వచ్చిన జవాబు వేరు. బోధన్‌లో ఉన్న మా ఆడబిడ్డ నన్ను ఎన్నిసార్లు అడిగిందో! "అమ్మను పది రోజులు నా దగ్గర ఉంచుకుంట, నువ్వు మీ ఊరికి పోయి రా" అనేది. "ఎందుకు వదినె, మీకు అలవాటు లేదు" అని నేనే పడనివ్వలేదు. ఆమె అమ్మకు ఆమె చేయి అందకుండా చేశాను. ఎవరూ రాలేదని చెప్పుకోవడానికి ముందు మనం తలుపు తీశామా లేదా అని చూసుకోవాలి.

ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంది. పొద్దున ఎంత, రాత్రి ఎంత, పెద్ద అక్షరాలతో. సూది వేశాక తినకపోతే ఏం చేయాలి. రక్తంలో చక్కెర 70 కన్నా తగ్గినా, చెమట, వణుకు, తికమక మాటలు వచ్చినా వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర ఇవ్వాలని, పావుగంటకు మళ్లీ పరీక్ష చేయాలని, స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలని రాసి పెట్టాను. మా డాక్టర్‌కు చూపించే పెట్టాను. డోసు మారినప్పుడల్లా తేదీ వేసి కొత్త కాగితం అతికిస్తాను. దాని ఫొటో మా ఆయన ఫోన్లో, ఆడబిడ్డ ఫోన్లో, గోడ అవతలి పెద్దమ్మ ఫోన్లో ఉంది. నెల విడిచి నెల అత్తమ్మ పది రోజులు బోధన్‌లో ఉంటుంది. రాత్రి సూది మా ఆయనది. మొదట్లో ఆయన చేతులు వణికాయి, ఇప్పుడు లేదు. నేను చేసినంత నీటుగా చేస్తారా అంటే చేయరు. సిరంజి మూత ఎక్కడ పడితే అక్కడ పడేస్తారు. నేను నోరు మూసుకోవడం నేర్చుకుంటున్నాను. అది అన్నిటికన్నా కష్టంగా ఉంది.

మా బిడ్డ ఇంకా సిరంజి పట్టుకోలేదు. నేను బలవంతం చేయలేదు. మొన్న డోసు మారి కొత్త కాగితం రాస్తుంటే వచ్చి నా భుజం మీద నుంచి చూసి, "రాత్రిది ఎర్ర పెన్నుతో రాయి మమ్మీ, కలవకుండా" అంది. రాశాను.

మీరు కూడా ఈ రాత్రి ఒక్క పని చేయండి. రేపు పొద్దున మీరు లేవలేకపోతే మీ ఇంట్లో ఎవరికి ఏం తెలియదో లెక్క పెట్టుకోండి. ఒక్కటి తేలినా చాలు, దాన్ని ఒక కాగితం మీద రాసి, పక్కన ఇంకొకరి పేరు రాయండి. వాళ్లకు చెప్పి రాయండి.