చిగురు మీద ఎర్ర బుడిపె
పై పళ్ల మధ్య చిగురు మీద బఠాణీ గింజంత ఎర్రటి బుడిపె. బ్రష్ తగిలితే చాలు, రక్తం. పిల్లాడికి నొప్పేం లేదు, ఇడ్లీలు తింటూనే ఉన్నాడు. నిద్ర పట్టనిది అమ్మానాన్నలకి. ఫోన్‌లో "చిగురు మీద గడ్డ" అని వెతికితే ముందు కళ్లకి తగిలేది క్యాన్సర్ అన్న మాటే మరి.

పిల్లల్లో ఇలాంటివి చాలావరకు క్యాన్సర్ కావు. పాచి, గట్టిపడ్డ గార, విరిగిన పంటి అంచు... ఏదో ఒకటి రోజూ చిగురుని గీరుతూ ఉంటే, ఒళ్లు దాన్ని మాన్పబోయి అవసరానికి మించి కండ పెంచేస్తుంది. వీటిలో ఎక్కువగా వినపడే పేరు పయోజెనిక్ గ్రాన్యులోమా. ఆ పేరే తప్పు. పయోజెనిక్ అంటే చీము పుట్టించేదని అర్థం, ఇందులో చీమే ఉండదు. ఉండేవన్నీ సన్నటి రక్తనాళాలు, అందుకే అంత ఎరుపు. (మా కోడ్‌లోనూ ఇలాంటి పేర్లుంటాయి, ఎవరూ మార్చరు.)

ఇంకోటి పెరిఫెరల్ ఆసిఫయింగ్ ఫైబ్రోమా. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో, అందులోనూ అమ్మాయిల్లో ఎక్కువ. కాస్త గట్టిగా ఉంటుంది, లోపల ఎముక లాంటి పదార్థం ఏర్పడుతుంది. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉండొచ్చు. అందుకే తీసిన ముక్కని పరీక్షకి పంపాలి. "క్యాన్సర్ కాదన్నారుగా, మళ్లీ టెస్టుకి డబ్బులెందుకు?" అనిపిస్తుంది. అయినా పంపించండి. అనుమానం పూర్తిగా తీరేది అక్కడే.

తీయించాక మళ్లీ వస్తే డాక్టర్ మీదే కోపం వస్తుంది. పైపైన కోస్తే నిజంగానే తిరిగొస్తుంది, మొదలంటా, ఎముక మీది పొర దాకా తీయాలి. కానీ గార అలాగే ఉంచేస్తే ఎంత లోతుగా తీసినా గ్యారంటీ లేదు. పళ్లు క్లీన్ చేయించడం వైద్యంలో సగం. లవంగ నూనె రాయడం, గోటితో గిల్లడం మాత్రం వద్దు.

బషీర్‌బాగ్, నారాయణగూడ వైపు డెంటల్ క్లినిక్‌లకి కొదవ లేదు. ఖర్చు భయమైతే అబిడ్స్ మీదుగా అఫ్జల్‌గంజ్ వెళ్లండి, అక్కడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి. బుడిపె రోజురోజుకీ పెరుగుతున్నా, పక్క పళ్లు కదులుతున్నా పరీక్షలయ్యాక చూద్దాం, సెలవులిచ్చాక చూద్దాం అనుకోవద్దు. ఇప్పుడే ఒక ఫొటో తీసి పెట్టుకోండి, ఎంత పెరిగిందో డాక్టర్‌కి చూపించొచ్చు. పిల్లలు ఫిట్స్ మందు వాడుతుంటే అదీ చెప్పండి. ఫెనిటాయిన్ లాంటి మందులకి కూడా చిగుళ్లు పెరుగుతాయి, కాకపోతే ఒక్కచోట కాదు, చాలాచోట్ల.